కుళాయికి కట్టిన దారం

బాత్రూమ్ కుళాయికి దారం కట్టే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆవిడ మా అత్తగారు. కుళాయి పిడి నుంచి గోడకున్న మేకు దాకా సన్నటి తెల్లదారం. పిడి తిప్పితే దారం తెగుతుంది. తెగినదాన్ని మళ్ళీ కడదామంటే ఆవిడ వేసే ముడి నాకు చేతకాదు. వేరే దారం మీద ప్రయత్నించాను కాబట్టి చెబుతున్నాను. ముఖం కడుక్కోవాలంటే గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారూ, కాస్త దారం విప్పండి" అని అడుక్కోవాలి. ఆవిడ వచ్చి విప్పి, నేను ముఖం కడుక్కున్నంతసేపూ నా గొంతుముడి కేసి చూస్తూ నిలబడుతుంది. గుటక పడిందా, అయిపోయానన్నమాటే.

స్నానానికి బకెట్టు కూడా ఆవిడే నింపి పెడుతుంది, అందులో సబ్బు కలిపి మరీ. తాగుతానని భయం. సబ్బునీళ్ళు తాగేంత దిగజారానా అని ఒకసారి మండిపడ్డాను. "దిగజారారని నేననలేదు అల్లుడుగారూ, దిగజారకుండా చూస్తున్నాను" అంది. ఎంత తిట్టినా గారు మాత్రం తగ్గించదు. మీరు అనే మాటతో మనిషిని ఎలా నరకవచ్చో ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

ఆవిడ రిటైరైంది ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా. గోడ దూకేవాళ్ళని, దుప్పటి కింద దిండ్లు పెట్టి బయట తిరిగేవాళ్ళని, ఒకరి బదులు ఇంకొకరు హాజరు పలికేవాళ్ళని పట్టుకోవడంలోనే ఉద్యోగమంతా గడిచిపోయింది. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ దొరక్క చేతులు దురద పెడుతూ ఉండి ఉంటాయి. సరిగ్గా అప్పుడే నా కిడ్నీలు రెండూ కూడబలుక్కుని రాజీనామా ఇచ్చాయి.

నేను వాటర్ ట్యాంకర్ డ్రైవర్ని. చుట్టుపక్కల వీధులన్నిటికీ నేను పోసిన నీళ్ళే. బీపీ ఉంది, మాత్రలు వేసుకోమని డాక్టరు చెప్పినప్పుడు నవ్వేశాను. ఆ ట్రాఫిక్‌లో ట్యాంకర్ తోలేవాడికి బీపీ కాకపోతే ఇంకేముంటుంది? ఆ బీపీయే లోపల్లోపల కిడ్నీలని తినేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెట్టి చూస్తే ఇంజను నడుస్తున్నట్టు గుర్రుమంటుంది. ఆ చోట రెండు సూదులు గుచ్చి, రక్తాన్ని ఒకదాంట్లోంచి లాగి మిషన్లో కడిగి ఇంకోదాంట్లోంచి పంపిస్తారు. రక్తంతోపాటు ఒంట్లో చేరిన నీళ్ళని కూడా ఆ మిషనే లాగాలి. ఎందుకంటే నాకు ఒంటేలు రావడం ఎప్పుడో మానేసింది. తాగింది తాగినట్టు లోపలే ఉంటుంది. అందుకే రోజుకి ఇన్ని నీళ్ళే అని ఒక చిన్న గ్లాసు మీద గీత గీసి ఇచ్చారు. ఆ గ్లాసు చూస్తే పిచ్చుక్కి కూడా జాలేస్తుంది.

ట్యాంకర్ ఎక్కలేను కాబట్టి మా ఓనరు నన్ను నీళ్ళు నింపే చోట కూర్చోబెట్టాడు. బోరు మోటారు స్విచ్చి వెయ్యడం, కట్టెయ్యడం. రోజంతా నా కళ్ళెదురుగా లావుపాటి గొట్టంలోంచి నీళ్ళు ధబధబా పడుతుంటాయి. ఆయనకి నా మీద కోపమేమీ లేదు. పాపం, సులువైన పని ఇచ్చాననే అనుకున్నాడు.

మరి నేను తాగకుండా ఉన్నానా అంటే, మొదట్లో లేను. అక్కడే ఉంది కథ.

డయాలసిస్‌కి వెళ్ళగానే ముందు బరువు చూస్తారు. ఒంట్లో అదనపు నీళ్ళు లేనప్పుడు మనిషి ఎంత తూగాలో ముందే లెక్క కట్టి పెడతారు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఈ రోజు తూగిన బరువులోంచి అది తీసేస్తే ఎన్ని నీళ్ళు తాగివచ్చామో బయటపడుతుంది. మిషను అన్నీ లాగుతుంది. ఎక్కువ లాగాల్సి వస్తే పిక్కలు పట్టేసి మనిషి కెవ్వున కేక పెడతాడు. దానికంటే ముందు టెక్నీషియన్ తిట్లు. ఆ తిట్లు తప్పించుకోవడానికి మా షిఫ్టులో ఒక విద్య ఉంది. తూకం మిషను గోడవారగా ఉంటుంది. గోడకి ముసలివాళ్ళు పట్టుకోవడానికని స్టీలు కడ్డీ బిగించారు. తూకం మీద నిలబడి చిటికెనవేలు ఆ కడ్డీ మీద ఆనించి కాస్త బరువు దాని మీదికి వదిలితే చాలు, కిలో, కిలోన్నర ఎగిరిపోతుంది. ముఖం మాత్రం అమాయకంగా పెట్టుకోవాలి. ఈ విద్యని మాకు నేర్పింది నా పక్క మంచం మీద పడుకునే రిటైర్డ్ కండక్టర్. బస్సులో ఎంతమంది టికెట్ లేకుండా దొరికారో అంత జ్ఞానం ఉంది ఆయన దగ్గర.

కండక్టర్ ఎప్పుడూ దొరకలేదు. నేను దొరికాను. నా ఖర్మ. టెక్నీషియన్ వెనకనుంచి వచ్చి నా చిటికెనవేలు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. తూకంలో అంకె గబుక్కున పైకి లేచింది. హాలంతా నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది కండక్టరే.

ఇది నవ్వులతో పోయేది. కానీ ఆ రోజుల్లోనే మా ఆవిడ తన కిడ్నీ ఒకటి నాకిస్తానంది.

మా ఆవిడ చెప్పుల షాపులో పని చేస్తుంది. మనిషి ముఖం చూడకముందే కాళ్ళు చూస్తుంది. పెళ్ళిచూపుల్లో కూడా నా కాళ్ళే చూసిందట, సైజు బాగుందని ఒప్పుకుందట. నాకు చెప్పకుండా పరీక్షలన్నీ చేయించుకుని వచ్చి, బూట్లకి పాలిష్ పెడుతూ "సరిపోయిందట" అంది. ఏం సరిపోయింది అన్నాను, బూట్లేమో అనుకుని. "నాది. మీకు" అంది. తల ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఒంట్లో నీళ్ళు కాస్త తగ్గుతాయి కదా అని జోకేశాను. పాలిష్ బ్రష్షు పెట్టి కొట్టింది.

మా డయాలసిస్ చూసే డాక్టరమ్మ ఒప్పుకుంది కానీ ఒక మెలిక పెట్టింది. నా చిటికెనవేలి కథ ఆవిడ దాకా వెళ్ళింది మరి. "కొత్త కిడ్నీ పెట్టాక జీవితాంతం వేళకి మాత్రలు వేసుకోవాలి. నీళ్ళ దగ్గరే మోసం చేసేవాడు మాత్రల దగ్గర చెయ్యడని ఏంటి నమ్మకం? బాగున్న మనిషి కడుపు కోసి తీసి ఇస్తాం. దాన్ని మీరు పాడు చేస్తే నేనెవరికి జవాబు చెప్పాలి? ఈ ఎండాకాలం అయ్యేదాకా చూస్తాను. ఒక్కసారి నీళ్ళు ఎక్కువ తాగి దొరికినా ఆపరేషన్ మాట మర్చిపోండి" అంది.

ఆ వార్త తెలిసిన వారంలో మా అత్తగారు ట్రంకుపెట్టెతో దిగింది. "అల్లుడుగారికి సాయంగా ఉందామని" అంది గుమ్మంలో. ఆ సాయం మొదటి రోజే కుళాయికి దారమై కట్టుకుంది. ఫ్రిజ్ పిడి మీద పౌడరు చల్లేది, ఎవరు తెరిచినా వేలిముద్ర పడేలా. గ్లాసులన్నీ బోర్లించి, అడుగున తడి ఉందేమో తడిమి చూసేది. నా తువ్వాలు పిండి చూసేది. కళ్ళల్లో వత్తులు వేసుకుని నన్ను కాపలా కాసింది.

ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియక కాదు. కూతురి ఒళ్ళు కోయించడం ఆవిడకి ఇష్టం లేదు. పైకి అనలేదు. అంటే కూతురు ఊరుకోదు. అందుకని నేను ఒక్కసారి దొరికితే చాలని చూస్తోంది. నేను దొరికితే డాక్టరమ్మే ఆపరేషన్ వద్దంటుంది, మా అత్తగారి చేతికి మట్టి అంటదు. నేనామెని తప్పుపట్టను. నా కూతురైతే నేనూ అదే చేసేవాణ్ణి, దారం బదులు కరెంటు తీగ కట్టేవాణ్ణి.

కానీ ఆవిడకి తెలియనిది ఒకటుంది. ఆ పాలిష్ బ్రష్షు దెబ్బ తిన్న రోజునుంచీ నేను నిజంగానే మానేశాను. గీత దాటలేదు. చిటికెనవేలు కడ్డీకి ఆనించలేదు. టెక్నీషియన్ చూడకపోయినా చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. దాహం వేస్తే ఎండిన నాలుక అంగిలికి అతుక్కునేది. మోటారు దగ్గర కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. చెవులు ఎలా మూసుకోవాలో మాత్రం తెలియలేదు.

దాహం ఎక్కువయ్యేది తిన్నాకనే అని కనిపెట్టాను. అన్నం తింటే నీళ్ళు కావాలనిపిస్తుంది. అయితే తిండి తగ్గిస్తే పోలా? సగం తిని పళ్ళెం తోసేసేవాణ్ణి. తర్వాత సగంలో సగం. ఎంత తెలివైనవాణ్ణని నా భుజం నేనే చరుచుకున్నాను. ఉప్పు లేకుండా వండి పెట్టేది మా అత్తగారు కాబట్టి ఆవిడ దాన్ని వేరేగా తీసుకుంది. వదిలేసిన పళ్ళెం తీస్తూ, "మా వంట మీకు సయించట్లేదు కాబోలు, హోటలు నుంచి తెప్పించమంటారా" అని మూతి ముడుచుకునేది. నేను మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడితే కూడా నోరు ఎండుతుంది.

నా తూకం చూస్తే ముచ్చటేసేది. ప్రతిసారీ కాస్తే పెరిగేది, మిషను లాగగానే డ్రై వెయిట్‌కి సరిగ్గా వచ్చి ఆగేది. కండక్టర్ కూడా కుళ్ళుకున్నాడు. "ఏంటి ట్యాంకరూ, కొత్త టెక్నిక్కా? మాకూ చెప్పు" అన్నాడు. "నిజాయితీ" అన్నాను. "అది వర్కవుట్ కాదు" అన్నాడు.

ఆయన నోరు మంచిది కాదు.

మొదట మెట్లెక్కుతుంటే ఆయాసం. తర్వాత మెట్లు లేకుండానే ఆయాసం. పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది, లేచి కుర్చీలో కూర్చుని కునుకు తీసేవాణ్ణి. టీవీ పెట్టుకునేవాణ్ణి, టీవీ పిచ్చి అనుకుంటారని. బూట్లు పట్టకపోతే ఎండగా ఉందని చెప్పి హవాయి చెప్పులు వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? ఆయాసం, కాళ్ళ వాపు అంటే ఒంట్లో నీళ్ళు చేరాయనే. నీళ్ళు ఎలా చేరాయంటే తాగావు కాబట్టే. తాగలేదు మొర్రో అని నేనంటే నమ్మేవాడెవడు? చిటికెనవేలు చూసి హాలంతా నవ్వింది కదా. దొంగగా ఉన్నన్నాళ్ళూ గుండ్రాయిలా ఉన్నాను. బుద్ధి వచ్చాక ఊపిరాడట్లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

హవాయి చెప్పులు చెప్పుల షాపావిడ కంట పడకుండా ఎన్నాళ్ళు ఉంటాయి? ఒక ఆదివారం పగలు, కుర్చీలో కునుకుతున్నవాణ్ణి, కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నొక్కుతోంది. నొక్కిన చోట గుంట పడింది. ఆ గుంట పూడలేదు.

"ఎన్నాళ్ళనుంచి తాగుతున్నారు?" అంది.

"తాగలేదు."

"మీ సైజు నాకు తెలియదా?"

"ఒట్టు. తాగలేదు."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. పాదాన్ని మెల్లిగా కింద పెట్టి, "నా ఒంట్లోంచి తీసి ఇద్దామనుకున్నాను. మీరు ఒక గ్లాసు నీళ్ళు వదులుకోలేకపోయారు" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా గుండె చెరువైపోయింది. నిజం చెప్పినవాడి గతి ఇలా ఉంటే ప్రపంచంలో అబద్ధాలకి కొదవేముంటుంది?

తలుపు వెనక మా అత్తగారు నిలబడి అంతా వింది.

మర్నాడు డయాలసిస్. ఎప్పుడూ ఆస్పత్రి వాసన పడదని రాని మా అత్తగారు ఆ రోజు మాతోపాటు ఆటో ఎక్కింది. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, మిషను దగ్గర నేను కప్పుకునే దుప్పటి నా చేతికి ఇవ్వకుండా తానే పట్టుకుని కూర్చుంది. పండగలా ఉండి ఉంటుంది, ఇన్నాళ్ళ కాపలాకి ఫలితం కళ్ళారా చూడబోతోందని అనుకున్నాను.

హాల్లోకి అడుగు పెట్టేసరికే నాకు రొప్పు. టెక్నీషియన్ బరువు చూసి రాసుకుని డాక్టరమ్మని పిలిచాడు. ఆవిడ వీపుమీద స్టెతస్కోపు పెట్టి విని, ఎక్స్‌రే తీయించింది. ఫిల్ము లైటుకి ఎత్తి చూపించింది. ఊపిరితిత్తుల నిండా నీళ్ళు.

"తూకంలో బరువు సరిగ్గానే ఉంది. ఎక్స్‌రేలో నీళ్ళున్నాయి. రెంట్లో ఒకటి అబద్ధమాడుతోంది" అంది. "ఎక్స్‌రేకి అబద్ధమాడాల్సిన అవసరమేం లేదు."

"కడ్డీ మేడమ్. మళ్ళీ మొదలెట్టి ఉంటాడు" అన్నాడు టెక్నీషియన్. నేను కాదన్నాను. అంటే ఏం లాభం, ప్రతి మాటకీ రెండుసార్లు ఊపిరి తీయాల్సి వచ్చి, అచ్చం నీళ్ళు నములుతున్నవాడిలా కనపడ్డాను.

డాక్టరమ్మ మా ఆవిడ కేసి తిరిగింది. మెత్తగానే మాట్లాడింది. "ఈ రోజు ఎక్కువ నీళ్ళు లాగుతాం, ప్రాణానికేం ఫర్వాలేదు. కానీ ఆపరేషన్ సంగతి పక్కన పెడదామమ్మా. మీ మంచికే చెబుతున్నాను." మా ఆవిడ తలూపింది. కళ్ళు నేలమీద నా హవాయి చెప్పుల మీదే ఉన్నాయి.

నేను మా అత్తగారి వైపు చూశాను. గుమ్మానికి ఆనుకుని, దుప్పటి గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. ఆవిడకి కావలసింది జరిగిపోయింది. నోరు మూసుకుని ఉంటే చాలు. కూతుర్ని ఇంటికి తీసుకుపోవచ్చు, పూర్తి ఒళ్ళుతో. ఆవిడ పెదాలు ఒకసారి బిగుసుకున్నాయి, ఇంకోసారి బిగుసుకున్నాయి.

"ఆయన తాగలేదు" అంది.

ఎవరు మాట్లాడారా అని టెక్నీషియన్ వెనక్కి తిరిగాడు.

"ఆయన తాగలేదు" అని మళ్ళీ, రుమాలు ముక్కు మీదనుంచి తీసి, హాస్టల్లో హాజరు పిలిచే గొంతుతో అంది.

డాక్టరమ్మ జాలిగా నవ్వింది. "అమ్మా, మీరు రోజంతా చూస్తూ కూర్చోరు కదా."

"కూర్చుంటాను. అదే నా పని. కుళాయికి దారం కట్టాను, తెగలేదు. ఫ్రిజ్ పిడికి పౌడరు చల్లాను, చెదరలేదు. స్నానం నీళ్ళల్లో సబ్బు కలిపాను. తువ్వాలు పిండాను. ఈయన పనిచేసే చోటికి పోయి ట్యాంకర్ల చాటున నిలబడి చూశాను. ఆ మోటారు దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంటాడు, పిచ్చివాడిలాగ. చెయ్యైనా కడుక్కోడు."

ఎండలో ట్యాంకర్ల వెనక నక్కిన అరవై దాటిన ముసలావిడని ఊహించుకోవడానికే కాస్త టైము పట్టింది. మంచాలమీది వాళ్ళందరూ తలలెత్తి చూస్తున్నారు. "ఇలాంటి చెకింగ్ మా రూట్లో ఉంటే నేను ఉద్యోగం మానేసేవాణ్ణి" అన్నాడు కండక్టర్.

"ఇంత చేసినా దొరకలేదు" అంది మా అత్తగారు. ఆ మాటలో ఎంత నిరాశ ఉందో! "అన్నమైనా సరిగ్గా తినడు. సగం పళ్ళెం నా ముఖాన కొడతాడు. మొన్నటికి మొన్న ప్యాంటు నడుము కుట్టి బిగించి ఇచ్చాను, మళ్ళీ జారిపోతోంది. నా వంటంటే అంత ఏవగింపు."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "అన్నం తినట్లేదా? ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం మొదట్నుంచీ."

ఆవిడ నా చొక్కా భుజం పక్కకి లాగి ఎముక తడిమి చూసింది. తర్వాత నన్ను పక్క గదిలోకి నడిపించింది. అక్కడ నట్టనడుమ ఇంకో తూకం ఉంది, చుట్టూ గోడ లేదు, కడ్డీ లేదు. దొంగని పట్టుకున్న పోలీసులాగా చేతులు పైకెత్తమంది. ఎత్తాను. అదే అంకె. హాల్లో వచ్చిన అంకె ఎంతో అంతే.

"మీరు మోసం చెయ్యలేదు" అంది డాక్టరమ్మ. తల పట్టుకుంది. "తిండి మానేసి కండ కరిగించుకున్నారు. కండ పోయినంత మేరా నీళ్ళు చేరాయి. తూకానికి కండయినా ఒకటే, నీళ్ళయినా ఒకటే. మేము పాత డ్రై వెయిట్ పట్టుకు కూర్చుని, ఆ అంకె రాగానే నీళ్ళు లాగడం ఆపేశాం. నేను ముందే చూడాల్సింది. అసలు తిండి ఎందుకు మానేశారు?"

"తింటే దాహమేస్తుందని."

"నా సర్వీసులో తాగి చావబోయినవాళ్ళని చాలామందిని చూశాను. తాగకుండా చావబోయినవాణ్ణి మిమ్మల్నే" అంది.

మా ఆవిడ వచ్చి నా వీపుమీద ఒకటి గట్టిగా చరిచింది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యలేదు.

ఆ రోజు మిషను చాలా లాగింది. పిక్కలు మెలితిరిగాయి, అరిచాను, కండక్టర్ "అరిచెయ్, తప్పులేదు, నిజాయితీపరుడివి" అని ఎక్కిరించాడు. కాసేపటికి ఛాతీ మీద కూర్చున్నవాడు లేచి వెళ్ళిపోయినట్టనిపించింది. ఎన్నాళ్ళకో వెల్లకిలా పడుకుని ఊపిరి తీశాను. ఊపిరి తియ్యడం అంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు.

మా ఆవిడ మందులకి వెళ్ళింది. మా అత్తగారు నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మిషన్లో తిరిగే రక్తం కేసి చూడకుండా గోడ కేసి చూస్తోంది.

"అత్తయ్యగారూ" అన్నాను. "నోరు మూసుకుని ఉంటే అయిపోయేది కదా. మీక్కావలసిందే అది."

"మీకు తెలుసా?"

"దారం చూసినరోజే తెలుసు."

"హాస్టల్లో ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు. చెయ్యని తప్పుకి మాత్రం ఒక్క పిల్లనీ ఇంటికి పంపలేదు. ఈ వయసులో మీతో మొదలుపెట్టనా?" అంది. అని, దుప్పటి సర్దబోయి సర్దలేక, దాని అంచు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కసారి తాగకూడదుటండీ మీరు? ఒక్క గ్లాసు. దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకున్నాను, ఈ రోజైనా తాగేలా చూడు స్వామీ అని. చూడండి ఏమైందో. నా నోటితో నేనే నా పిల్ల ఒళ్ళు కోయించుకున్నాను."

జోకు వేద్దామనుకున్నాను. నాకెప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. సూదులున్న చెయ్యి కదపకూడదు, ఇంకో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అల్లుడు అత్తగారి చెయ్యి పట్టుకోవడమేమిటని ఆవిడా అనలేదు, నేనూ అనుకోలేదు. పక్క మంచంలో కండక్టర్ కళ్ళు గట్టిగా మూసుకుని నిద్ర నటించాడు. ఆయనకి నటించడం అంత చేతకాదని అప్పుడే తెలిసింది.

"తినకపోతే మాత్రం ఊరుకోను" అంది చివరికి, ముక్కు చీదుకుని. చీదింది నా దుప్పట్లోనే. "రేపట్నుంచి పళ్ళెం నాకేలా తినాలి. నా పిల్ల కిడ్నీ లోపల పెట్టేది ఎముకల గూట్లోనా?"

సాయంత్రం ఇంటికొచ్చాక మంచం మీద వెల్లకిలా, హాయిగా పడుకున్నాను. మా ఆవిడ పాత బూట్లు తీసి దుమ్ము దులుపుతోంది. మా అత్తగారు నా చిన్న గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టింది. గీత దాకా కాదు, అంచు దాకా నిండుగా. నేను గ్లాసు కేసి చూసి ఆవిడ కేసి చూశాను. ఆవిడ అటు తిరిగి కిటికీ రెక్క సరిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ కిటికీకి ఏమీ కాలేదు.

అది ప్రేమో, ఒక తల్లి పెట్టిన ఆఖరి పరీక్షో నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నీళ్ళు గీత దాకా దిగేవరకే తాగాను. గ్లాసు పక్కన పెట్టాను.

"మిగిల్చారా?" అంది, కిటికీ వైపే చూస్తూ.

"మిగిల్చాను."

గ్లాసు కేసి తిరుగుతుందని చూశాను. ఎత్తి, వెలుతురుకి పట్టి, గీత దగ్గర కన్ను పెట్టి చూస్తుందని. ఆవిడ తిరగలేదు. అలాగే నా ముందునుంచి బాత్రూమ్ వైపు నడిచి వెళ్ళింది. లోపల పుటుక్కున దారం తెగిన చప్పుడైంది.

"రేపట్నుంచి ముఖం కడుక్కోవడానికి నన్ను పిలవకండి అల్లుడుగారూ. నాకు వేరే పనుంది."